ఎర్రట్ట పుస్తకం

కొల్లాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో బండి ఆగిందంటే ఆ ఇంట్లో సగం పని ఆగినట్టే. సోమశిల నుంచి చేపల పెట్టె రావాలన్నా, పెంట్లవెల్లి నుంచి పాల క్యాన్లు రావాలన్నా, తోటలోంచి మామిడి డబ్బాలు రోడ్డెక్కాలన్నా టీవీఎస్ ఎక్సెల్ మీదనే. దాని బ్రేకు లైనర్ అరిగినా, యాక్సిలేటర్ వైరు తెగినా మనిషి నాగర్‌కర్నూల్ దాకా పోయి వెతుక్కోవాలంటే ఒక పూట పని పోతుంది, బస్సు కిరాయి పోతుంది. ఆ పూటను కాపాడేది బస్టాండు దారిలో ఉన్న ఒక చిన్న మడిగె. దాని యజమానిని అందరూ సేటు అంటారు. ఆయన మార్వాడీ కాదు, ఈ మండలంలో పుట్టి పెరిగినవాడే. కౌంటర్ వెనక కూర్చుంటాడు కాబట్టి సేటు.

ఆ మడిగెలో ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే మూడోవాడికి చోటుండదు. పైనుంచి టైర్లు వేలాడుతుంటాయి, గోడ పొడుగునా చైన్ కిట్లు, కోన్ సెట్లు, వైర్లు, ఇండికేటర్లు. ఏ డబ్బాలో ఏమున్నదీ కరెంటు పోయినా చెప్పగలడు. బేరం ఆడటం కంటే ముందు పాత సామాను చేతిలోకి తీసుకుని చూడటం ఆయన అలవాటు. ఒకసారి ఒక పిల్లగాడు స్ప్లెండర్‌కు చైన్ ఒక్కటే కావాలని వచ్చాడు. సేటు బయటికొచ్చి, బండి పక్కన గొంతుక్కూర్చుని, వెనక స్ప్రాకెట్ పళ్ల మీద బొటనవేలు ఆనించి మెల్లగా తిప్పాడు. "పండ్లు వంకర పోయినయి తమ్మీ. చైన్ ఒక్కటే ఏస్తె నెలకే కోసుకపోతది. పైసలుంటె సెట్టు ఎయ్యి, లేకుంటె ఇంకో నెల ఇదే నడుపు. నట్టనడుమ పని మాత్రం చెయ్యకు" అన్నాడు. పిల్లగాడు సెట్టే వేయించుకున్నాడు. సగం పైసలిచ్చాడు. మిగతా సగం ఖాతాలోకి పోయింది.

ఆ వీధి దుకాణాల లెక్కలు రాసేది నేనే. అందుకే ఆ ఖాతా సంగతి నాకు బాగా తెలుసు. ఎర్ర అట్ట వేసిన పొడుగు పుస్తకం. మనిషికో పేజీ. పైన పేరు, కింద తేదీ, వస్తువు, పైసలు. అంతే. నావె అని గానీ, జమ అని గానీ, బాకీ అని గానీ ఎక్కడా రాసి ఉండదు. ఎందుకు రాయవని అడిగితే, "మనిషి పేరు పక్కన బాకీ అని రాస్తె మంచిగుండదు సారూ. పంటొచ్చినంక ఇస్తరు, యాడికి పోతరు" అనేవాడు. నేను పట్టుబడితే ఆఖరి పేజీలో మాత్రం అందరి పేర్లూ వరసగా రాసి, ఎదురుగా ఎవరి మొత్తం వాళ్లకు వేశాడు. నలభై మూడు పేర్లు. కూడితే 2,38,000 రూపాయలు.

ఉద్దెర ఇచ్చేవాళ్ల గురించి మన దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడరు. పత్తి అమ్ముడుపోయేదాకా, పల్లికాయ మార్కెట్‌కు చేరేదాకా, కూలి పైసలు ముట్టేదాకా మన ఊళ్లు నడిచేది కిరాణా సేటు, మందుల దుకాణం, బండి సామాన్ల మడిగె పెట్టిన పెట్టుబడి మీదనే. ఆ పెట్టుబడికి వడ్డీ లేదు, కాగితం లేదు, గుర్తింపు లేదు. ఇచ్చినవాడికి కష్టమొచ్చిన రోజే అదెంత ఉందో తెలుస్తుంది.

సేటుకు ఆ రోజు 2025లో వచ్చింది. నిజానికి మొదటి దెబ్బ 2020 ఏప్రిల్ 1న, బీఎస్ సిక్స్ నిబంధన వచ్చిన నాడే తగిలింది. కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. ఎక్సెల్‌తో సహా కొత్త బండ్లన్నిట్లో సెన్సర్లు, ఇంజెక్టర్లు, ట్యాంకులో కరెంటు పంపు. కార్బొరేటర్‌కు చిన్న కిట్టు తెచ్చిపెట్టుకుంటే ఏడాదంతా నడిచేది. ఇప్పుడు ఒక్కో పంపుకు, ఒక్కో సెన్సర్‌కు వేలల్లో పెట్టాలి, అదీ మోడల్‌కొకటి. తెచ్చిపెట్టకపోతే గిరాకీ షోరూముకు పోతుంది. రెండో దెబ్బ 2025 సెప్టెంబర్ 22న పడింది. ఆ రోజు నుంచి బండి విడిభాగాల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 18 అయింది. కొనేవాళ్లకు ఇది మంచి వార్తే, నేను కాదనను. కానీ సేటు కాంపొజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న వ్యాపారి. అమ్మకం మీద ఒక శాతం కడతాడు. కొన్నప్పుడు కట్టిన పన్నును తిరిగి రాబట్టుకునే వీలు ఆ పద్ధతిలో ఉండదు. వంద రూపాయల సరుకు 128 పెట్టి తెచ్చి గోడకు వేలాడదీశాడు. తెల్లారేసరికి అదే సరుకు హైదరాబాద్‌లో 118. ఆ లెక్కన మడిగెలో 4 లక్షల సరుకుంటే, అందులో 31,250 రూపాయలు ఒక్క రాత్రిలో ఆవిరి. కౌంటర్ ముందు నిలబడ్డ ప్రతి మనిషీ ఫోన్ చూపించి "రేట్లు తగ్గినయంట గదా సేటూ" అంటుంటే, పాత సరుకు పాత రేటుకు కొన్నానని ఎంతమందికని చెప్తాడు? తగ్గించే ఇచ్చాడు.

ముద్ర లోన్ అప్పటికే నడుస్తోంది. బ్యాంకులో ఇంకొంత అడిగితే అది తీరినంక రమ్మన్నారు. మిగిలింది గిరిగిరి అప్పు. చేతికిచ్చేటప్పుడే కొంత కోసుకుని, మర్నాటి నుంచి రోజూ సాయంత్రం వచ్చి వసూలు చేసుకునే ఆ అప్పులో దిగి, మడిగె తాళం అప్పగించిపోయినవాళ్లను నేను కళ్లారా చూశాను. అది మాత్రం వద్దన్నాను.

"మరి ఏం చెయ్యమంటవు సారూ?"

గిరాకీ దగ్గరే అడుగుదామన్నాను. బండి ఉన్న ప్రతివాడికీ ఏడాదిలో ఎట్లాగూ వెయ్యి రూపాయల సామాను పడుతుంది. ఆ వెయ్యి ఇప్పుడే ఇస్తే, సంవత్సరంలోపు ఎప్పుడైనా 1,100 రూపాయల సామాను తీసుకోవచ్చు. నూటయాభై మంది కలిస్తే లక్షా యాభై వేలు. దాంతో పంపులు, సెన్సర్లు తేవచ్చు. వడ్డీ అనే మాట మాత్రం ఎత్తొద్దని గట్టిగా చెప్పాను. అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడాన్ని నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టం తెచ్చింది. సరుకు కోసం తీసుకునే అడ్వాన్సు దాని కిందికి రాదు. సరుకు ఇవ్వలేకపోతే మాత్రం పైసలు వాపసు చేయాలి. ఆ వాపసు గడువు దాటి పదిహేను రోజులైతే అడ్వాన్సు కూడా డిపాజిట్ కిందే లెక్క. కాబట్టి ప్రతి రూపాయికీ రసీదు, పేర్లన్నిటికీ వేరే పుస్తకం. సేటు ఆ సాయంత్రమే బడిపిల్లల నోటుబుక్కు ఒకటి కొని తెచ్చాడు.

దసరా పోయిన ఆదివారం మడిగె ముందు రోడ్డు మీదే నలభై కుర్చీలు వేశాం. కుర్చీలు నిండి జనం నిలబడ్డారు. సేటుకు మాటలు రాలేదు. అప్పు అడిగే అలవాటు లేని మనిషికి అడగటం ఎంత కష్టమో అప్పుడే చూశాను. చేతిలో పాత బేరింగ్ ఒకటి పట్టుకుని దాన్నే తిప్పుతూ నిలబడ్డాడు. చివరికి నేనే లేచి చెప్పాను. 1956లో ముల్కనూరు రైతులు తలా కొంచెం వేసుకుని సహకార గ్రామీణ బ్యాంకు పెట్టుకుంటే అది ఊరి తలరాతనే మార్చిందని గుర్తుచేశాను. ఆ మాట కొందరికే ఎక్కింది. అందరికీ ఎక్కింది మాత్రం రిటైరైన ఒక పంతులు మాట.

"బజాజ్ చేతక్ కోసం నేను 500 రూపాయలు కట్టి ఏండ్లకేండ్లు ఎదురుచూసిన. పుణెల ఉన్న కంపెనీ, మొఖం ఎర్గను, మాట ఎర్గను, అయినా కట్టిన. దేశమంత కట్టింది. బండి రానీకి ముందే మన పైసలు వాళ్లకాడ ఉండె. గీ సేటు మన కండ్ల ముంగటనే ఉన్నడు. రాత్రి పదింటికి తలుపు కొట్టినా లేచి ట్యూబు ఇచ్చిండు. గీయనకు వెయ్యి రూపాయలు ఇయ్యలేమా?"

జేబులోంచి రెండు ఐదు వందల నోట్లు తీసి అక్కడే కౌంటర్ మీద పెట్టాడు.

జనం కొట్టిన చప్పట్లు ఇంకా ఆగకముందే వెనక నుంచి పటేలు లేచాడు. చుట్టుపక్కల తోటలు గుత్తకు పట్టి, కాయ తెంపించి, బాటసింగారం మార్కెట్‌కు లారీలు పంపే మనిషి. కావలి వాళ్లకు, మందు కొట్టేవాళ్లకు కలిపి మూడు ఎక్సెళ్లు, రెండు స్ప్లెండర్లు ఉన్నాయి ఆయనకు. "సేటు మనోడు. నా పేరు రాసుకోండి. అందరికన్న పైన రాయాలె, అందరికన్న ఎక్కువ రాయాలె!" అన్నాడు. ఎంత అని అడిగితే, "నా సంగతి సేటుకు ఎరికే" అని నవ్వి, బండెక్కి పోయాడు. జనం ఇంకోసారి చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలో మరో పదిమంది జేబుల్లో చేతులు పెట్టారు. అందుకే పటేలు చేసింది ఆ పూటకు మేలేనని నేను ఇప్పటికీ అంటాను.

పది రోజుల్లో 74,000 వచ్చాయి. అనుకున్నదాంట్లో సగం. ఇచ్చినవాళ్లలో పెద్ద పైసలవాళ్లు తక్కువ. సోమశిల చేపలాయన రెండు వేలు ఇచ్చాడు. ఆ నోట్లకు ఐసు తడి ఇంకా ఆరలేదు. ఊళ్లు తిరిగి చీరలమ్మే ఆమె తన స్కూటీ కోసం వెయ్యి ఇచ్చి, రసీదును బ్లౌజుల సంచిలో దాచుకుంది. నోటుబుక్కులో వాళ్లందరి పేర్లూ, ఎవరికి ఏ బండి, ఏ సామాను ముందు కావాలన్నదీ సేటు రాసుకున్నాడు. ఆ బుక్కును సంచిలో పెట్టుకునే హైదరాబాద్ బస్సెక్కి పుత్లీబౌలికి సరుకు తేవడానికి పోయాడు.

అక్కడ దుకాణాలు తిరుగుతుంటే ఆయనకు ఒక మంచి ఆలోచన వచ్చింది. నమ్మి పైసలిచ్చినవాళ్ల పేర్లు అందరికీ కనబడేలా పెట్టాలి. మడిగెలో ఉండే పిల్లగాడికి అక్కడి నుంచే ఫోన్ చేశాడు. "గల్లా కింద పుస్తకం ఉంటది చూడు తమ్మీ. ఎవలెవలు ఎంత అనేది అండ్ల ఉన్నది. మన షాపును నిలబెట్టినోళ్లకు వందనాలు అని పెట్టి, పేర్లన్నీ రాసి ఫ్లెక్సీ కొట్టియ్యి. పొద్దుగాల్ల వరకు కట్టాలె." నోటుబుక్కు తన సంచిలోనే ఉందన్న సంగతి ఆయనకు గుర్తు లేదు.

గల్లా కింద ఉన్నది ఎర్రట్ట పుస్తకం.

పిల్లగాడు పదో తరగతి పాసయ్యాడు, బుద్ధిమంతుడు. ఆఖరి పేజీ తీశాడు. పేర్లు, ఎదురుగా పైసలు. ఎక్కడా బాకీ అని లేదు. పెద్ద మొత్తం పైన, చిన్న మొత్తం కింద వచ్చేలా తనే వరస సరిచేసి ఫ్లెక్సీ దుకాణానికి ఇచ్చాడు. తెల్లారేసరికి మడిగె మీద ఆరడుగుల ఫ్లెక్సీ. పైన మాధవస్వామి ఫొటో. కింద "మన షాపును నిలబెట్టిన పెట్టుబడిదారులకు వందనాలు". దాని కింద నలభై మూడు పేర్లు. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో పటేలు పేరు, ఎదురుగా 27,600.

సేటు తొలి బస్సు దిగి దాన్ని చూసి అక్కడే కూలబడ్డాడు. నాకు ఫోన్ చేశాడు. నేను పోయేసరికి కత్తెర చేతిలో ఉంది, తాళ్లు కోయబోతున్నాడు. అప్పుడే పెంట్లవెల్లి పాలాయన ఎక్సెల్ ఆపి, తల పైకెత్తి చాలాసేపు చదివి దిగొచ్చాడు.

"అన్నా, నేనే నీకు 640 ఇయ్యాలె. ఇచ్చినట్టు రాసినవేంది?"

లెక్కపెట్టి ఆరు వందల నలభై కౌంటర్ మీద పెట్టి, "ఇగ ఉండనీ నా పేరు" అని పోయాడు. ఆ మధ్యాహ్నం ఒక అంగన్‌వాడీ టీచర్ వచ్చి, తల వంచుకుని 380 ఇచ్చింది. సాయంత్రానికి మరో నలుగురు. చేపలాయన మాత్రం తన పేరు వెతికి వెతికి, "సేటూ, నా రెండు వేలు ముట్టినయా లేవా?" అని కంగారుగా అడిగాడు. నోటుబుక్కు తీసి చూపిస్తే గానీ ఆయన గుండె కుదుటపడలేదు. ఆయనలాంటి వాళ్లకోసం ఇంకో ఫ్లెక్సీ కొట్టించి పక్కనే కట్టించాం. మొదటిది తీయొద్దని నేనే చెప్పాను. ఒక్క వారంలో 41,000 పాత పైసలు వచ్చాయి. అడగకుండా, గొడవ పడకుండా, ఎవరినీ చిన్నబుచ్చకుండా వచ్చాయి. పేదవాళ్ల పేర్ల పక్కన ఉన్న చిన్న చిన్న అంకెలన్నీ దాదాపు తీరిపోయాయి. తీరినవాళ్లు ఆ ఫ్లెక్సీ కింది నుంచి పోయేటప్పుడు కొంచెం నిదానంగా పోయేవాళ్లు.

పెద్ద అంకెలు మాత్రం కదల్లేదు. పటేలు ఒకరోజు కారు ఆపి, ఫ్లెక్సీ కింద నిలబడి ఫొటో దిగి, వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాడు. ఒక పెళ్లిలో భోజనాల దగ్గర ఎవరో, "సేటుకు ఇర్వై ఏడు వేలు పెట్టినవంట గదా పటేలా, గొప్ప పని చేసినవు" అంటే, "మనూరోడు గదా" అన్నాడట. సేటు ఆ మాట విని కూడా ఏమీ అనలేదు. పండగ దాకా చూద్దామన్నాడు.

మామిడి పూత పట్టింది. మందులు కొట్టే రోజులు. సింగోటం జాతర దగ్గర పడుతోంది కాబట్టి అందరూ బండ్లు బాగుచేయించుకుంటున్నారు, మడిగె ముందు పదిమంది నిలబడి ఉన్నారు. పటేలు మూడు ఎక్సెళ్లనూ మనుషులతో నడిపించుకుని వచ్చాడు. చైన్ కిట్లు, బ్రేకు లైనర్లు, రెండు టైర్లు, ఒక బండికి పంపు. సేటు అన్నీ తీసి కౌంటర్ మీద పేర్చాడు. బిల్లు వేసి, ధైర్యం తెచ్చుకుని, పాతది కూడా కొంచెం చూడమన్నాడు.

"అదే చూస్తున్న. ఇర్వై ఏడు వేల ఆరు వందలకు పది శాతం ఎంత? రెండు వేల ఏడు వందల అరవై. అంటె మొత్తం ముప్పై వేల మూడు వందల అరవై రూపాయల సామాను రావాలె నాకు. ఈ బిల్లు అండ్ల కోసెయ్యి."

సేటు నోట మాట రాలేదు. "పటేలా, గది నువ్వు పెట్టింది గాదు. నువ్వు ఇయ్యాల్సింది" అని మెల్లగా అన్నాడు.

"ఫ్లెక్సీల ఏమున్నది? పెట్టుబడి అని గదా ఉన్నది. ఊరంత చదివింది."

సేటు వణికే చేతులతో గల్లా కింది నుంచి ఎర్రట్ట పుస్తకం తీశాడు. ఆఖరి పేజీ తెరిచి పటేలు ముందు పెట్టాడు. పదిమందీ దగ్గరికొచ్చారు. పటేలు జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, పేజీ మీద వేలు జరుపుతూ తన పేరు దగ్గర ఆగాడు. అంకె చదివాడు. బయటికొచ్చి, తలెత్తి ఫ్లెక్సీ చూశాడు. మళ్లీ లోపలికొచ్చి పుస్తకం చూశాడు.

"ఔ, ఫ్లెక్సీల గంతే ఉన్నది, నీ పుస్తకంల గూడ గంతే ఉన్నది. ఒక్క రూపాయి తేడా లేదు" అని కళ్లద్దాలు తీసి, వెనక నిలబడ్డ తన మనుషులను పిలిచాడు. "లెక్క సరిపోయింది, సామాను ఎత్తుండ్రి."